ఎర్రగీత మీద అర్జీ

విజయనగరం మునిసిపల్ ఆఫీసులో నేను ట్రేసర్ని. ఇంజనీరు గీసిన పటం మీద పల్చటి ట్రేసింగ్ బట్ట పరిచి, కింద కనిపించే గీతలన్నీ సిరాతో ఎత్తి రాయడం నా పని. అరవైల చివర్లో మా ఊరికి ప్లాను తయారు చేయాలని పైనుంచి ఆర్డరొచ్చింది. బజారు వీధిని వెడల్పు చేయాలన్నారు. వీధికి రెండువైపులా ఎర్రసిరా గీత గీసింది నేనే. ఎడమవైపు గీత మా మేనమామ కొట్టు మధ్యలోంచి పోయింది. గీస్తుంటే చెయ్యి వణికిందని చెబితే వినడానికి బాగుంటుంది గానీ, వణకలేదు. బట్ట పాడైతే తిట్లు పడతాయి.

మావది చింతపండు, పసుపు కొట్టు. శృంగవరపుకోట వైపు రైతులు బండ్ల మీద సరుకు తెచ్చి ముందు అరుగు మీద దించేవారు. బేరం కుదిరేదాకా అక్కడే కూర్చునేవారు, అన్నం మూటలు విప్పేవారు, ఎండ తగ్గేదాకా నడుం వాల్చేవారు. అరుగు లేకపోతే వాళ్ళు ఇంకో కొట్టుకు పోతారు. ఎర్రగీత అరుగునీ, కొట్టులో సగాన్నీ మింగేసింది. మావకు మిగిలేది త్రాసు వేలాడదీసుకునేంత చోటు.

ప్లాను ఖాయం చేసేముందు జనం మాట వినాలని రూల్సులో ఉంది. ఆ పేజీ చదివినప్పుడు నాకు నిజంగానే సంతోషమేసింది. ఆ సంతోషం ఎక్కువ రోజులు లేదు. అభ్యంతరాలున్నవారు నెలరోజుల్లో రాసివ్వాలని ఇంగ్లీషులో టైపు చేసి, వరండాలో సైకిళ్ళు ఆనించే గోడకు అంటించారు. వారం తిరక్కుండానే సగం కాగితం సైకిలు హ్యాండిళ్ళకు చిరిగిపోయింది. తెలుగులో కూడా వేద్దామండీ అని పై అధికారిని అడిగాను. "ఏం, నీకు పని తక్కువైందా?" అన్నాడు.

ఇక నేనే సాయంత్రాలు ఆఫీసు నుంచి బజారు వీధికి పోయి, కొట్టు కొట్టుకీ చెప్పాను. వాళ్ళు బెంచీ తుడిచి కూర్చోబెట్టేవారు, టీ తెప్పించేవారు, "నువ్వున్నావు కదా బాబూ, మాకేటి భయం?" అనేవారు. తిరిగి తిరిగి నా కాళ్ళు పీకేవి. నేనున్నది గీతలు గీయడానికేనని ఎన్నిసార్లు చెప్పినా వాళ్ళ చెవికెక్కలేదు.

మావ మరీను. "ఓటేసినాం కదరా అల్లుడా. మళ్ళీ మమ్మల్నడిగేదేటి?" అన్నాడు.

"వద్దనుకుంటే వద్దని రాసివ్వాలి మావా. ఊరుకుంటే సరే అన్నట్టే లెక్క."

"ఊరుకుంటే సరే అన్నట్టా! మీ అత్త మూడ్రోజులై నాతో మాటాడ్నేదు. అది సరే అన్నట్టేటి?"

నాకు నవ్వొచ్చింది, విసుగూ వచ్చింది. ఆ ఆదివారం ఇంట్లో కూర్చుని అర్జీ నేనే రాశాను. లారీలను ఊరి వెనక రోడ్డు మీదుగా మళ్ళిస్తే ఈ వీధిని కొట్టక్కర్లేదని, అరుగులు పోతే రైతులు పోతారని, రైతులు పోతే కొట్లు ఉండీ లేనట్టేనని వివరంగా రాశాను. ఎంత బాగా రాయగలనో అంత బాగా, అక్షరం అక్షరం చెక్కినట్టు రాసి మావ చేతిలో పెట్టాను. వీధంతా సంతకాలు పెట్టి, గడువులోగా ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోమన్నాను. సరేనన్నాడు.

ఆఖరి రోజు పొద్దుట్నుంచీ గుమ్మం వైపే చూస్తూ కూర్చున్నాను. ఎవరూ రాలేదు. అయిదు గంటలకు పై అధికారి పిలిచి, ఫైల్లో నోటు రాయమన్నాడు. 'గడువులోగా అభ్యంతరములేవియు రాలేదు' అని రాశాను. నా చేతిరాత బాగుంటుందని ఆఫీసులో ఇలాంటివన్నీ నాచేతే రాయించేవారు. ఒళ్ళు మండిపోయింది. ఆ తర్వాత చాలా రోజులు మావ ఇంటి గడప తొక్కలేదు.

కొన్ని నెలలకు కొలతలకు వెళ్ళాం. టేపు ఒక కొస నా చేతిలో ఉంది. మావ మా అందరికీ మజ్జిగ ఇచ్చి, నన్ను లోపలికి పిలిచాడు. దేవుడి పటం వెనక నుంచి మడత కాగితం తీశాడు. నా అర్జీయే. అడుగున, వెనకాల కూడా వీధి వీధంతా సంతకాలు, వేలిముద్రలు. తేదీ చూస్తే గడువుకు ఇంకా ఆరు రోజులున్నప్పటిది.

"మరెందుకు ఇవ్వలేదు మావా?"

"నీ దస్తూరీ కదరా. మీ ఆఫీసులో అందరూ ఎరుగుదురు. ఇది ఇస్తే నీ ఉజ్జోగానికి మాటొస్తాదని అందరం అనుకున్నాం."

"ఇంకొకరి చేత తిరగరాయించలేకపోయారా?"

"నువ్వంత కష్టపడి రాసింది పక్కనెట్టి ఇంకోడి సేత రాయిస్తే నీ మనసు నొచ్చుకోదేటి?"

నాకు ఏడుపొచ్చింది. ఆ రాత ఎవరిదో ఎవరికైనా ఇట్టే తెలుస్తుందన్న ఆలోచన, రాసినవాణ్ణి, నాకు రాలేదు. ఆ వీధిలో అక్షరం రాని వాళ్ళకి కూడా వచ్చింది.

అరుగు రాళ్ళు గునపాలతో లేపుతున్న రోజు మావ పక్కనే నిలబడి, "జాగ్రత్త నాయినా, కాలి మీద పడతాది" అని కూలీలకు చెబుతున్నాడు. రైతుల బండ్లు ఆ ఏడే వేరే కొట్లకు తిరిగిపోయాయి. మావ రెండేళ్ళలో కొట్టు మూసేశాడు. నన్ను ఒక్క మాట అనలేదు, అనుంటే బాగుండేది.

ఆ రోజు మావ చేతిలోంచి తీసుకున్న అర్జీ ఇప్పటికీ నా దగ్గరే ఉంది. అభ్యంతరాలు లేవన్న కాగితం ఆఫీసు ఫైల్లో ఉంటుంది. రెండూ నా రాతే.