తొందర మాస్టారి వైవా

తొందర మాస్టారికి ఉన్నది ఒకటే జబ్బు. ఎక్కడికెళ్లినా తనే ముందుండాలి. పెద్ద హైస్కూలుకు హెడ్మాస్టరు, తల ముగ్గుబుట్ట. అయినా క్యాంటీన్‌లో అందర్నీ తోసుకుని "నాకు బస్సుందండీ!" అంటూ టీ అందుకునేవారు. పొద్దున తొమ్మిదింటికి ఏ ఊరి బస్సో ఆయనకే తెలియాలి!

బడులు నడుపుకుంటూ శని, ఆదివారాల్లో పీహెచ్‌డీ చదివే హెడ్మాస్టర్ల బ్యాచ్ అది. సెమినార్లో పేపరెవరు చదువుతారని ప్రొఫెసరు గారు అడగడమే తడవు, మాస్టారు లేచేవారు. ప్రొఫెసరు గారు ఉతికి ఆరేస్తే దులుపుకుని కూర్చునేవారు.

"సిగ్గులేని జన్మ బాబూ!" అని నవ్వుకునేది అదే బ్యాచ్‌లోని చిన్నబడి హెడ్మాస్టరమ్మ. పాపం, ఆవిడ నవ్వేది అక్కడొక్కచోటే. పట్టుబట్టి చదువులో చేర్పించి, వంట తనే చేసి, ఆవిణ్ణి రాసుకోమన్న భర్త చివరి అధ్యాయం మిగిలుండగా గుండెపోటుతో పోయాడు. అప్పట్నుంచీ ఎవరు గొంతు పెంచినా ఆవిడకు నోరు పెగలదు. మొదటిసారి వైవాలో ఒక్క ముక్క చెప్పలేక ఏడుస్తూ బయటికొచ్చేసింది. ఇవాళ రెండోది, ఆఖరిది.

జాబితాలో మొదటి పేరు ఆవిడదే. లోపల అదే ప్రొఫెసరు. ఆవిడ లేవబోయి మళ్లీ కూర్చుంది.

"అమ్మా, నేను ముందెళ్తా. బస్సుంది."

"ఇవాళ కూడానా మాస్టారూ?" ఆవిడకు ఒళ్లు మండింది.

ఆయన అప్పటికే లోపలున్నారు. "ఇది థీసిసా, చిత్తుకాగితాల మూటా?" అన్న కేకలకు తలుపులు అదిరాయి. చాలాసేపటికి మాస్టారు చెమట తుడుచుకుంటూ వచ్చారు.

"మొత్తం తిరగరాయమన్నారు. నువ్వెళ్లు తల్లీ. ఆయన కోపమంతా మొదటివాడి మీదే అయిపోతుంది. రెండేళ్లుగా చూస్తున్నాగా!"

ఆవిడ నిలువునా నీరైపోయింది. ఇన్నాళ్లూ ఎవరి తిట్లు ఎవరు తిన్నారో అప్పటికి అర్థమైంది.

లోపల ప్రొఫెసరు గారు అలసిపోయి, మంచినీళ్లు తాగి, మెల్లగా అడిగారు. ఆవిడ మెల్లగానే చెప్పింది. మధ్యలో ఆవిడ తడబడితే ఆయన ఆగారు.

బయటికొచ్చేసరికి మాస్టారు బెంచీ మీదే ఉన్నారు. ఆవిడ ఫోను తీసి, ఎవరికి చేయాలో తోచక కుప్పకూలింది.

"చెప్పాల్సిన మనిషి లేడు మాస్టారూ!"

"నాకు చెప్పమ్మా. వినడానికే కూర్చున్నా."

"పాసయ్యాను," అంది వెక్కుతూ.

"వినపడలేదు. గట్టిగా!" పిల్లల్ని గద్దించినట్టు గద్దించారాయన.

"పాసయ్యాను మాస్టారూ!" అని ఆవిడ అరిచిన అరుపుకు ప్రొఫెసరు గారు బెదిరిపోయి తలుపు తీసి చూశారు.