పొగగొట్టం మీద డబ్బా

దయ్యాలను నమ్మేవాళ్లను చూస్తే నాకు జాలి కూడా రాదు, కోపమే వస్తుంది. ఇనుముతో బతికినవాణ్ని. చప్పుడు వచ్చిందంటే ఎక్కడో ఏదో కదిలిందని అర్థం. ఇప్పటికీ అదే అంటాను. అయినా ఒక మధ్యాహ్నం సంగతి మాత్రం ఈనాటికీ నాకు కొరుకుడు పడలేదు.

బడిలో నేను చదివింది తక్కువ. ఖమ్మంలో షెడ్ల వెంట తిరిగి, ఇంజన్లు విప్పి బిగించి నేర్చుకున్నాను. ఇంగ్లీషు కూడా విడిభాగాల పుస్తకాల్లోంచే కూడబలుక్కున్నాను. ఎనభైల్లో, పెనుబల్లి దాటాక అడవి మొదలయ్యే చోట మూతపడ్డ ఒక బియ్యం మిల్లును చిన్న మ్యూజియంగా మార్చారు. అందులోని పాత ఆయిల్ ఇంజనును బాగుచేసే పని నాకిచ్చారు.

బాగుచేయడం అంటే ఏమిటన్న దగ్గరే నాకూ పైవాళ్లకూ పడలేదు. పాత యంత్రం కనపడగానే గీకి, ఆకుపచ్చ రంగు పూసి, దండ వేసి ఫొటో దిగేవాళ్లను చూస్తే ఒళ్లు మండుతుంది. ఆ ఇంజను హ్యాండిల్ తిప్పి తిప్పి నున్నబడింది. దాన్ని తీసి కొత్తది వేస్తే, తిప్పిన ఆ చేతులన్నీ పోయినట్టే. నేను ఉప్పుకాగితం ముట్టలేదు. కిరసనాయిలు, పాత నూలుగుడ్డ, ఓపిక, అంతే. తుప్పును ఆపాను, మచ్చలను ఉండనిచ్చాను. నడపకూడదని కూడా తేల్చాను. నడిపిన ప్రతిసారీ లోపల ఇనుము అరుగుతుంది, అరిగింది తిరిగి రాదు. అందుకే పిస్టన్ బయటికి తీసి, నూనె రాసి, గోనెపట్టా మీద పెట్టాను.

పొగగొట్టం చివర ఒక రేకు డబ్బా ఉండేది. ఆ మిల్లువాళ్లు తగిలించుకున్నది. ఇంజను నడిస్తే అది టంగుటంగున మోగేది. చుట్టూ ఉన్న గూడేలకు అదే కబురు, మిల్లు పెట్టారు, వడ్లు తెచ్చుకోండని. డబ్బా పగిలి ఉండడంతో ప్రతి దెబ్బకూ చివర చిన్న గరగర.

తనిఖీకి ఒక ఆఫీసరు వచ్చాడు. డబ్బా దగ్గర ఆగాడు.

"ఏంటి మేస్త్రీ ఈ చెత్త? కంపెనీ నుంచి వచ్చిందా?"

"రాలే సార్. మిల్లోళ్లు పెట్టుకున్నరు."

"అయితే ఇంజనులో భాగం కాదు. తీసి పాత ఇనుములో వేయించు."

"కంపెనీ ఇచ్చింది ఇనుము సార్. గొంతు ఇచ్చింది ఈడోళ్లు. గొంతు కోసి మ్యూజియంల ఏం పెడ్తం?"

"కవిత్వం తర్వాత చెబుదువుగాని, ముందు స్పానర్ పట్టుకో."

నేను పట్టుకోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాను. ఆయన వాచ్‌మన్‌ను స్టూలెక్కించి, డబ్బాకు చుట్టిన తీగ విప్పమన్నాడు. తీగ తుప్పుపట్టి ఊడలేదు. తిన్నాక చూద్దామని స్టూలు మూలన పెట్టించి, ముగ్గురమూ షెడ్డు ముందు అరుగు మీద టిఫిను డబ్బాలు విప్పాం. అడవి నిశ్శబ్దంగా ఉంది.

చేతులు కడుక్కుంటుండగా ఒక ముసలామె వచ్చింది, నెత్తిన వడ్ల గంపతో.

"బందు జేసిన్రా మేస్త్రీ? సప్పుడు ఇని ఉరికొస్తి."

"మిల్లు పెట్టలే అవ్వా. ఎవరు చెప్పిన్రు నీకు?"

"ఒకలు చెప్పుడేంది? నాకు చెవుల్లేవా? ఇందాకటి సంది మోగుతనే ఉండె."

ఆమె గంప దించేలోపే వాగు అవతలి గూడెం నుంచి ఇద్దరు ఆడవాళ్లు వడ్ల సంచులతో వచ్చారు. వాళ్లదీ అదే మాట.

ఆఫీసరు నావైపు చూసి నవ్వాడు. "బాగానే పిలిపించావు మేస్త్రీ."

నాకు రోషం వచ్చింది. అందరినీ లోపలికి తీసుకుపోయి గోనెపట్టా మీది పిస్టన్ చూపించాను. ఆఫీసరు ఇంజను మీద చెయ్యి వేసి చూశాడు. చల్లగా ఉంది. ఎలా మోగిందని ముసలామెను అడిగాడు. ఆమె నోటితో చేసి చూపించింది. టంగ్, గర్ర్. టంగ్, గర్ర్. చివరి గరగరతో సహా. ఆయన నవ్వు ఆగిపోయింది.

గంప ఎత్తుకుంటూ ఆమె ఆయనతోనే అంది, "మల్ల పెట్టినప్పుడు గా డబ్బ తియ్యకున్రి సారూ. మాకు ఇనరాదు."

డబ్బా తీసే మాట ఆమె ముందు ఎవరమూ ఎత్తలేదు.

జీపు ఎక్కుతూ ఆఫీసరు, "ఉండనీ" అన్నాడు.

ఆ చప్పుడు వేరే ఇంజనుదేమోనని తర్వాత చుట్టుపక్కల బావుల మీది ఇంజన్లన్నీ తిరిగి చూశాను. ఒక్కదానికీ డబ్బా లేదు. మా డబ్బా ఇప్పటికీ గొట్టం మీదే ఉంది, అదే పగులుతో, అదే తీగతో. కింద బోర్డు నేనే రాయించాను: ఆయిల్ ఇంజను, డబ్బాతో సహా. ఆ బోర్డు ముందు నిలబడితే ఇప్పటికీ నా ఛాతీ ఉబ్బుతుంది.

కానీ వాగు అవతలివాళ్లకు వినపడిన చప్పుడు, పక్కనే కూర్చుని అన్నం తిన్న మా ముగ్గురికీ ఎందుకు వినపడలేదో నాకు తెలియదు.