అందని చెవి

భుజం నొప్పని వెళితే, చెయ్యి తలమీదుగా వేసి అవతలి చెవి పట్టుకోమన్నాడు డాక్టరు. అందలేదు. చిన్నప్పుడు నందిగామ బళ్లో చేరడానికి వెళ్లిన రోజూ అందలేదు. అప్పట్లో అలా చెవి అందితేనే అయిదేళ్లు నిండినట్టు.

"ఈ ఏడు చేర్చుకోకపోతే చంటిదాన్ని ఆడిస్తా ఇంట్లోనే ఉండిపోద్దండి," అంది అమ్మ.

మాస్టారు నా తల పక్కకి వంచి నొక్కారు. వేళ్లు చెవికి తగిలాయి.

"అందిందిగా, ఇంకా ఏడుపెందుకే?" అంటూ పేరు రాసుకున్నారు.

మెడ విరవబోయాడని ఏళ్లతరబడి తిట్టుకున్నాను. చేర్చుకోవడానికే వంచారని అర్థమయ్యేసరికి ఆయన లేరు.

ఇప్పుడు బళ్లో పిల్లల్ని చేర్చుకునే ఆ కుర్చీలో నేనున్నాను. పుట్టినతేదీ కాగితం లేనివాళ్లని వెనక్కి పంపేస్తాను. రూలు రూలేనని వాదిస్తాను కూడా. తల్లులు పిల్లల్ని తీసుకుని వెళ్లిపోతారు. గెలిచినట్టు మాత్రం ఎన్నడూ అనిపించలేదు.