గాలి తీసే మీరా సాహెబ్

కాశిబుగ్గ చౌరస్తాలో సైకిల్ షాపు నడిపే మీరా సాహెబ్‌కు ఓ మనిషి మీద నమ్మకం కుదరాలంటే, ముందు ఏదో ఓ టైర్లో గాలి తీయాలి. కొందరు జాతకం చూస్తారు, కొందరు ఆధార్ కార్డు చూస్తారు. మీరా సాహెబ్ అటూ ఇటూ చూసి, కిందికి వంగి, "స్స్స్" మనిపిస్తాడు. ఆ తర్వాత షాపు ముందున్న పాత టైర్ల కుప్ప వెనక నక్కి, అరవై రెండేళ్ల వయసులో దాగుడుమూతలాడే పిల్లాడిలా తొంగి చూస్తూ కూర్చుంటాడు.

"పెండ్లికి అందరస్తరు బేటీ. పంక్చర్ పడితే ఎవరాగుతరో గది చూడాలె," అని మేనకోడలు ఆసిమాకు ఆమె మూడు చక్రాల సైకిల్ తొక్కే రోజుల నుంచీ నూరిపోశాడు.

గాలి పోయినవాడి కోసం బండి ఆపి సాయం పట్టేవాడు 'ఫుల్ గాలి'. "అయ్యో పాపం" అంటూనే గేరు మార్చేవాడు 'హాఫ్ గాలి'. పక్కకు జరగమని హారన్ కొట్టేవాడు మనుషుల లెక్కలోకే రాడు. కాశిబుగ్గలో ఎవరిది ఏ గాలో ఆయనకు కంఠతా వచ్చు. పరీక్ష అయిపోగానే కుప్ప వెనక నుంచి లేచి వచ్చి, ఏమీ ఎరగనట్టు, "అరె, గాలి పోయిందా? జర ఆగుండ్రి," అని పంపు అందుకుంటాడు. పైసా తీసుకోడు కాబట్టి విషయం పోలీస్ స్టేషన్ దాకా పోలేదు.

ఈ పరీక్షలకు అందరికంటే ఎక్కువగా బలైపోయినవాడు మగ్గం నేసే యాకయ్య. నెలకు రెండుసార్లైనా ఆయన సైకిల్ చప్పబడాల్సిందే.

"మీరా భాయ్! కాశిబుగ్గల ఇన్ని బండ్లున్నయ్. నీకు నా సైకిలే దొర్కుతదా?"

"నీ మీద నాకింక నమ్మకం కుదుర్తలేదు యాకన్నా."

"ముప్పై ఏండ్ల సంది గాలి తీస్తానవ్! ఇంకెప్పుడు కుదుర్తది?"

"తొందరెందుకు? కూసో, చాయ్ తాగు."

యాకయ్య తిట్టుకుంటూ చాయ్ తాగేవాడు. షాపు లోపలికి పోయిన సైకిల్ అరగంటకు గానీ బయటికి వచ్చేది కాదు. గాలి కొట్టడానికి అరగంట ఎందుకని ఆసిమా ఓసారి అడిగితే, "గాలికి గూడ జర రెస్ట్ గావాలె," అన్నాడు మామ. అప్పటికి ఆమెకు పదేళ్లు. నిజమేననుకుంది.

ఇక తన కూతురు మహెక్‌ను చూడటానికి మరిపెడ నుంచి పెళ్లివారు వచ్చినప్పటి సంగతి కాశిబుగ్గలో ఇప్పటికీ చెప్పుకుంటారు. లోపల ఆయన చెల్లెలు, అంటే ఆసిమా తల్లి, తాహెరా బేగం షర్బత్ గ్లాసులు సర్దుతుంటే, బయట మీరా సాహెబ్ వాళ్ల కారు టైర్లు రెండు సర్దేశాడు. తిరిగి బయల్దేరబోయిన పెళ్లివారు కారు చూసి లబోదిబోమన్నారు. పెళ్లికొడుకు బాబాయి డ్రైవర్ మీద అరిచాడు. బావ ఫోన్లో ఎవరినో తిట్టాడు. పెళ్లికొడుకు రయీస్ మాత్రం కొత్త షేర్వానీ విప్పి గోడ మీద ఆరేసి, "మామా, జాకీ ఉన్నదా?" అని అడిగాడు.

"కుబూల్!" అని కేక పెట్టాడు మీరా సాహెబ్.

"భయ్యా, గా మాట అనాల్సింది నువ్వు గాదు, పిల్ల!" అని తాహెరా బేగం తల పట్టుకుంది.

అలాంటి మామ షాపులో పానాలు, ట్యూబుల మధ్య పెరిగిన ఆసిమా సైకిల్ రేసర్ అయ్యింది. పాలకుర్తి గుట్టను ఎక్కీ దిగీ అరగదీసి, ఇరవై ఒకటో ఏట జాతీయ పోటీల్లో కాంస్య పతకం పట్టుకొచ్చింది. వెంటనే రెండు ప్రొఫెషనల్ టీంలు కబురు పెట్టాయి.

ఒకటి బెంగళూరుది. కార్బన్ సైకిల్, వెనకే కారు, ఏం తినాలో చెప్పడానికి ఒక మనిషి, తిన్నది అరిగిందో లేదో రాసుకోవడానికి ఇంకో మనిషి. మేనేజర్ నిఖిల్ దాపరికం లేకుండా చెప్పాడు. "మొదటి రెండేళ్లు మా లీడర్ కోసం తొక్కాలమ్మా. ఆమెకు నీళ్ల సీసాలందించాలి. అవసరమైతే నీ చక్రం విప్పి ఇవ్వాలి." రెండోది కరీంనగర్‌ది. ఐదుగురు అమ్మాయిలు, సుకన్య అనే కోచ్, తలుపు తాడుతో కట్టిన ఒక పాత వ్యాను. వాళ్లలో గుట్టలెక్కే మొనగత్తె లేదు కాబట్టి ఆసిమాయే లీడర్. శుక్రవారంలోగా ఏదో ఒక టీంకు సంతకం పెట్టాలి. తప్పు టీంలో పడితే కాళ్లలో ఎంత బలమున్నా అది ఎవరి ఖాతాలోనో పోతుందని ఆసిమాకు తెలుసు. ఆ దిగులుతో ఆమెకు అన్నం సయించలేదు.

"బెంగళూరే పోత మామూ. గంత పెద్ద టీం మల్ల దొర్కది."

"పంక్చర్ పడితే ఎవరాగుతరు?"

"మామూ, అది ప్రొఫెషనల్ టీం!"

"అయితే? టైర్లు గూడ ప్రొఫెషనలేనా, పంక్చర్ పడయా?"

ఆమెతో కలిసి పాలకుర్తి దాకా తొక్కి చూడటానికి రెండు టీంలూ వరంగల్ రావడానికి ఒప్పుకున్నాయి. మంగళవారం వాళ్లు, బుధవారం వీళ్లు. ముందు రోజు ఆసిమా మామతో ఒట్టు వేయించుకుంది.

"పరాయోళ్ల టైర్లు ముట్ట. ఒట్టు," అన్నాడు మీరా సాహెబ్, ఎంతో బుద్ధిగా.

మంగళవారం సగం దారిలో ఆసిమా వెనక టైరు చప్పబడింది. బెంగళూరు రైడర్లు తల తిప్పకుండా రైలు పెట్టెల్లా దాటిపోయారు. వెనక కారులోంచి మెకానిక్ దూకాడు, చక్రం మార్చాడు, వీపు మీద చెయ్యి వేసి తోశాడు.

"ఇర్వై సెకన్లు మామూ! ఇర్వయ్యే!" అని సాయంత్రం షాపులో గంతులేసింది ఆసిమా.

"ఎవరాగిండ్రు?"

"కారాగింది."

"కారు మనిషా?"

బుధవారం మళ్లీ అదే దారి, మళ్లీ అదే వెనక టైరు. కరీంనగర్ అమ్మాయిలు ఐదుగురూ ఒక్కసారే బ్రేకులు వేసి ఒకరి మీద ఒకరు పడబోయారు. ప్రేమలత అనే అమ్మాయి అడక్కముందే తన చక్రం విప్పింది, కానీ ఆసిమా సైకిల్‌కు దాన్ని బిగించడం రాలేదు. ఇంకో అమ్మాయి పంపు తెచ్చింది, దానికి మూతి లేదు. మూడో అమ్మాయి పల్లీపట్టీ పంచింది. సుకన్య వ్యాను దిగబోతే తలుపు తాడు ముడి పడి ఊడిరాలేదు. చివరికి ఆసిమాయే ప్రేమలత చక్రాన్ని బిగించుకుని బయల్దేరింది. పద్నాలుగు నిమిషాలు పట్టింది.

"అందరాగిండ్రు మామూ," అంది నీరసంగా. "ఎవ్వరికీ ఏం రాదు."

మీరా సాహెబ్ చేతిలో పంపు పక్కన పెట్టాడు. ఆయన ముప్పై ఏళ్ల సిద్ధాంతంలో ఈ కేసు ఎన్నడూ తగల్లేదు. ఆయన తల గోక్కుంటుంటే ఆసిమాకు అసలు సంగతి తట్టింది.

"రెండు దినాలు నా టైరే ఎట్ల చప్పబడ్డది మామూ?"

"వాల్వు జర లూజ్ చేసిన."

"ఒట్టేసినవ్ గదా!"

"పరాయోళ్లయి ముట్టనన్న. నువ్వు పరాయిదానివా?"

ఆసిమాకు ఒళ్లు మండింది. పానా తీసి బల్ల మీద కొట్టింది. కొట్టాక, ఆ పానాను చూస్తూ ఆలోచనలో పడింది. కరీంనగర్ వాళ్లకు ఆగడం వచ్చు, బాగుచేయడం రాదు. ఇరవై సెకన్లలో చక్రం మార్చే మనిషి ఒక్కరుంటే ఆ టీంకు ఇంకేం కావాలి?

"మామూ, కరీంనగర్ టీంకు మెకానిక్‌గ నువ్వు రా. నువ్వొస్తే నేను గా టీంకే సంతకం పెడ్త."

"నేనా? నేను పోతే ఈ కాశిబుగ్గ ఏంగావాలె? నా లెక్క ఆగేటోడు ఎవడున్నడిక్కడ? అంత హాఫ్ గాలే!"

ఎంత బతిమాలినా వినలేదు. శుక్రవారం మధ్యాహ్నం జుమ్మా నమాజుకు తెల్లని బట్టలు వేసుకుని షాపు బయటికి వచ్చేసరికి, మీరా సాహెబ్ సైకిల్ రెండు టైర్లూ నేలకు అతుక్కుపోయి ఉన్నాయి. షాపులో ఉండాల్సిన పంపు షాపులో లేదు. టైర్ల కుప్ప వెనక ఆసిమా పంపును ఒళ్లో పెట్టుకుని, ఊపిరి బిగబట్టి కూర్చుంది.

ముందుగా హోటల్ రామలింగం పొయ్యి మీద పాలు పొంగుతున్నా వదిలేసి వచ్చాడు. సదానందం ఆటో ఆపాడు, లోపలున్న ముగ్గురు ప్యాసింజర్లతో సహా. ఏనాడో హారన్ కొట్టి లెక్కలోంచి పోయినవాడు కూడా బండి స్టాండ్ వేసి దిగాడు. ఇంతలో సందులోంచి యాకయ్య పరుగెత్తుకొచ్చాడు. చేతిలో పంపు ఉంది.

"యాకన్నా, నీ దగ్గర పంపున్నదా?"

"ఇర్వై ఏండ్ల సంది ఉన్నది."

"మరి నేను గాలి తీసినప్పుడల్ల షాపుకెందుకొచ్చినవ్?"

యాకయ్య తలెత్తకుండా పంపు కొడుతూనే చెప్పాడు. "నువ్వు గాలి తీసినప్పుడల్ల నా బ్రేకులు కొత్తగైతయి. ఓపారి చైను కొత్తదైతది, ఓపారి టైరే. మగ్గం నడ్వని దినాలు చూసుకోని మరీ తీస్తివి. ఊకెనే చేసిస్తనంటే నేనొప్పుకోనని నీకెర్క. నాకు తెల్సినట్టు చేస్తే నువ్వు సిగ్గువడ్తవని నాకెర్క. గందుకే తిట్టుకుంట నీ చాయ్ తాగిన."

"నా సైకిల్‌కు గూడ గంతే భాయ్," అన్నాడు రామలింగం. సదానందం ఆటో హ్యాండిల్ మీద చెయ్యి పెట్టి ఊరికే నవ్వాడు.

మీరా సాహెబ్ దొంగతనం బయటపడ్డవాడిలా గడ్డం సవరించుకుంటూ ఆకాశం వైపు చూశాడు. అరగంట సేపు గాలికి రెస్ట్ ఎందుకో కుప్ప వెనక ఆసిమాకు పదకొండేళ్లు ఆలస్యంగా అర్థమైంది. మామ మీద కోపం ఎటు పోయిందో కూడా తెలియలేదు. పంపు పట్టుకుని లేచి నిలబడింది.

"చూసినవా మామూ? అందరాగిండ్రు. ఇగ కాశిబుగ్గ ఫికర్ నీకొద్దు."

యాకయ్య చెయ్యి చాపాడు. "తాళం ఇటియ్యి. రేసులున్నప్పుడు షాపు నేను చూస్త."

"యాకన్నా, నీ మీద నాకింక నమ్మకం..."

"కుదుర్తలేదా?"

మీరా సాహెబ్ జేబులోంచి తాళం తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆ సాయంత్రమే ఆసిమా కరీంనగర్ కాగితాల మీద సంతకం చేసింది.

ఆ తర్వాత ఐదు నెలలు మీరా సాహెబ్ ఆ అమ్మాయిలను పీల్చి పిప్పి చేశాడు. తింటున్నప్పుడు, బట్టలుతుక్కుంటున్నప్పుడు, ఫోన్ మాట్లాడుతున్నప్పుడు గాలి తీశాడు. "ఒక్కరే ఆగాలె! మిగిలినోళ్లు మెల్లగ పోవాలె! పల్లీపట్టీ రేసైనంక!" వ్యాను తలుపు మాత్రం అలాగే ఉంచమన్నాడు. కిటికీలోంచి దూకితే రెండు సెకన్లు కలిసొస్తాయని లెక్క తేల్చాడు.

డిసెంబర్‌లో హైదరాబాద్ రేసు. ఇంకా పదిహేను కిలోమీటర్లున్నాయనగా ఆసిమా టైరు పోయింది. ఈసారి నిజంగానే. ప్రేమలత ఆగింది, మీరా సాహెబ్ కిటికీలోంచి ఊడిపడ్డాడు, పంతొమ్మిది సెకన్లలో చక్రం మారింది. ముందు మెల్లగా పోతున్న నలుగురూ ఆమెను తమ వెనక దాచి, గాలికి అడ్డంగా నిలిచి లాక్కెళ్లి గుంపులో కలిపారు. ఆసిమా రెండో స్థానంలో వచ్చింది. మొదటి స్థానం బెంగళూరు లీడర్‌ది.

ఆసిమా కాదన్న చోట బెంగళూరు టీంలో నిర్మల అనే అమ్మాయి చేరింది. అదే రేసులో లీడర్‌కు తన ముందు చక్రం విప్పిచ్చి, చక్రం లేని సైకిల్‌తో రోడ్డు పక్కన నిలబడిపోయింది. వాళ్ల కారు లీడర్ వెనక వెళ్లిపోయింది. ఆమె దగ్గర ఆగిన బండి ఒకే ఒక్కటి, తలుపు తాడుతో కట్టిన వ్యాను.

రేసు అయ్యాక రిఫరీ మీరా సాహెబ్‌ను పిలిచి నిలబెట్టాడు. "వేరే టీం వాళ్లకు చక్రం ఇవ్వకూడదు. రూల్ తెలీదా?"

"తెల్సు సార్."

"మరి ఎందుకిచ్చావ్?"

"ఆ పిల్ల ఒక్కతే నిలవడ్డది సార్. ఎట్ల పోవాలె?"

రిఫరీ వార్నింగ్ కాగితం చేతిలో పెట్టి, విసవిసా నడిచి తన మోటార్‌సైకిల్ దగ్గరికి పోయాడు. ముందు టైరు చప్పగా ఉంది.

ఆసిమా పక్కకు చూసింది. మామ లేడు. మెడలో పతకం గలగలలాడుతుంటే పరుగెత్తి వ్యాను వెనక్కి పోయింది. అనుకున్నట్టే మీరా సాహెబ్ అక్కడ గొంతుక్కూర్చుని తొంగి చూస్తున్నాడు. ఆమె కూడా పక్కనే కూర్చుంది.

రెండు కార్లు రిఫరీని దాటిపోయాయి. మూడోది బెంగళూరు వాళ్ల కారు. అది ఆగింది. నిఖిల్ దిగి, చొక్కా చేతులు మడిచి, రిఫరీ పక్కన మోకాళ్ల మీద కూర్చున్నాడు.

"ఫుల్ గాలి!" అని ఆసిమా చెవిలో గుసగుసలాడి, పంపు అందుకుని లేవబోయాడు మీరా సాహెబ్.

ఆసిమా ఆయన చొక్కా పట్టుకుని కిందికి లాగింది.

"జర ఆగు మామూ. ఇంకెవరన్న ఆగుతరేమో చూద్దాం."