చెరకు తోటలో మూడు పిల్లి కూనలు

డెబ్బైల మొదట్లో నేను బోధన్‌లో ఆడపిల్లల బడిలో జీవశాస్త్రం చెప్పేదాన్ని. నోటి దురుసు, ముక్కు మీద కోపం. తప్పు ఎవరిదైనా సరే, మొహం మీదే అడిగేసేదాన్ని. నా తప్పు తప్ప.

హైదరాబాదులో అడవి జంతువుల గురించి పట్టించుకునే చిన్న సంఘం ఒకటి ఉండేది. తమ ప్రాంతపు జంతువులను గమనించి, బడిపిల్లలకు వాటి గురించి చెప్పే టీచర్లకు చిన్న గ్రాంటు ఇచ్చేది. అడవికి పోయి పులిని చూసే తాహతు నాకెక్కడిది? చుట్టూ ఉన్నదంతా చెరకు. అందుకని చెరకులో బతికే జంతువుల గురించి రాస్తానని దరఖాస్తు పెట్టాను. ఒప్పుకున్నారు. బస్సు చార్జీలకు, బొమ్మల చార్టులకు సరిపోయేది. రిపోర్టు నచ్చితే రెండో ఏడాదీ ఇస్తామన్నారు.

మా వైపు చక్కెర ఫ్యాక్టరీ నుంచి కటింగ్ ఆర్డర్ రాగానే తోటను నాలుగు వైపుల నుంచీ నరుక్కుంటూ లోపలికి పోయేవారు. లోపలున్న కుందేళ్లు, నక్కలు, పిల్లులు నడిమికి జరిగి జరిగి చివరి ముక్కలో ఇరుక్కునేవి. అప్పుడు మగవాళ్లు కర్రలు, వలలు పట్టుకుని చుట్టూ నిలబడేవాళ్లు. ఒక్క వైపు వదిలేసి నరకండని నేను రైతుల వెంట పడ్డాను.

"కుందేలు ఉరికిపోతె నీకేం లాభం పంతులమ్మా? కూరకు పిలుస్తం, రా" అని ఒక రైతు నవ్వాడు.

"పిల్లి ఉంటె ఎలుకలను తింటది, నీ చెరుకే మిగుల్తది పటేలా. గింత తెల్వదా?" అని గట్టిగానే అన్నాను. ఆయన తల గోక్కుని, కాలువ వైపు వదిలేయమని కూలీలకు చెప్పాడు. ఎంత మురిసిపోయానో!

ఆ తోటలోనే, నరుకుతుండగా, ఒక కూలి అవ్వకు ఎండాకుల మీద మూడు జంగపిల్లి, అదే అడవిపిల్లి, కూనలు కనిపించాయి. ఇంకా కళ్లు తెరవలేదు. అవ్వ కొడవలి పక్కన పెట్టి అందరినీ ఆపింది. నేను గంప తెమ్మన్నాను.

"ముట్టకు బిడ్డా. తల్లి గీడనే యాడనో ఉన్నది. గీ సాలు ఇడిసిపెట్టి అవుతలికి పోదం. పొద్దుగూకేటాల్లకు నోట కర్సుకొని పోతది" అంది అవ్వ.

"సదువుకున్నది నువ్వా, నేనా?" అన్నాను. ఆ మాట తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గుతో చచ్చిపోతాను.

మర్నాడు కూనలను ఏడో తరగతిలో బల్ల మీద పెట్టి పాఠం చెప్పాను. ఆడపిల్లలు బెంచీలెక్కి చూశారు. ముందు బెంచీ పిల్ల ఒకతి దూది వత్తిని ఆవుపాలలో ముంచి వాటి నోటికి అందించింది. "తాగుతున్నయి టీచర్, తాగుతున్నయి!" అని ఒకటే సంబరం. మూడో రోజుకు మా ఇంట్లో రెండు చచ్చిపోయాయి.

మిగిలినదాన్ని గంపలో పెట్టుకుని తోటకు పరుగెత్తాను. దారిలోనే అదీ పోయింది. అక్కడ చెరకంతా నరికేసి, ఆకు కాల్చేశారు. అవ్వ గంపలోకి చూసింది. తిడుతుందనుకున్నాను, తిట్టలేదు.

"తల్లి రెండు దినాలు ఒచ్చింది బిడ్డా. గా జాగలనే కూనల కోసం ఒర్రుకుంట తిరిగింది. ఇయ్యాల రాలే" అంది.

అక్కడే గట్టు మీద కూర్చుని ఏడ్చాను.

ఏడ్చినదానికి బుద్ధి రావాలా వద్దా? బడికి పోయి, కూనలను తల్లి దగ్గర వదిలేశానని పిల్లలకు చెప్పాను. చప్పట్లు కొట్టారు. రిపోర్టులో, కూనలను చూపిస్తూ చెప్పిన పాఠాన్ని పిల్లలు ఎంతో శ్రద్ధగా విన్నారని రాసి ఊరుకున్నాను. రెండో ఏడాది గ్రాంటు పోతుందని భయం.

సంఘం నుంచి జవాబు వచ్చింది. రిపోర్టు చాలా బాగుందట. కూనలను క్లాసుకు తేవడం మంచి పద్ధతట, అన్ని బడులకూ అచ్చువేసి పంపుతారట. ఎన్ని బడులు, ఎన్ని గంపలు!

పోస్టాఫీసుకు పోయి, ఆ కాగితం పంపొద్దని టెలిగ్రాం ఇచ్చాను. ఇంటికొచ్చి జరిగింది జరిగినట్టు రాశాను, అవ్వ మాటతో సహా. గ్రాంటు ఇవ్వకపోతే మానె అనుకున్నాను.

నెల తర్వాత అచ్చు కాగితం మా బడికీ వచ్చింది. చెరకు నరికేటప్పుడు కూనలు కనిపిస్తే ముట్టవద్దు, ఆ సాలు వదిలేసి పక్కకు పోండి, సాయంత్రానికి తల్లి తీసుకుపోతుంది అని అందులో ఉంది. ఒక టీచరు బడికి తీసుకుపోతే మూడూ చచ్చిపోయాయనీ ఉంది. పేరు వేయలేదు. ప్రతి క్లాసులోనూ చదివి వినిపించాలన్నారు.

ఏడో తరగతిలో ఇంకెవరి చేతనైనా చదివించవచ్చు. ఒక రోజంతా ఆ ఆలోచనే చేశాను కూడా. చివరికి నేనే పోయి చదివాను. చదవడం అయ్యీ కాకముందే ముందు బెంచీ పిల్ల లేచి నిలబడింది.

"తల్లి దగ్గర ఇడిసిపెట్టిన అన్నరు గద టీచర్?"

"అబద్ధం చెప్పిన. గా టీచర్ నేనే" అన్నాను.

రెండో ఏడాదీ గ్రాంటు వచ్చింది. కాలువ వైపు వదిలి నరకడం ఇంకొన్ని తోటల్లో మొదలైంది. ఆ పిల్ల మాత్రం, బడి వదిలి పోయేదాకా, నేను ఏది చెప్పినా ముందు పుస్తకం తీసి అందులో ఉందో లేదో చూసుకునే రాసుకునేది.