పోయినేటి ఒరుగులు

మొన్న మా మనవరాలు ఖమ్మంలో కాలేజీలో చేరింది. హాస్టల్లో సీటు దొరకక ఇంకో ఇద్దరు పిల్లలతో కలిసి బయట గది తీసుకుంటున్నానని చెప్పి, కాలేజీ వాళ్ళిచ్చిన నాలుగు పేజీల కాగితమొకటి నా ఒళ్ళో పడేసి వెళ్ళింది. బయట గదుల్లో ఉండే విద్యార్థులకు సూచనలట. కళ్ళజోడు పెట్టుకుని, వరుస కింద వేలు పెట్టుకుని, నా పద్ధతిలో నేను నెమ్మదిగా చదువుకుంటూ పోయాను. తలుపుకు సొంత తాళం వేసుకోవాలని, గ్యాసు కట్టేశాకే బయటికి వెళ్ళాలని, కొత్త ఊరని భయపడి ఆదివారాలు గదిలో ముడుచుకుని పడుకోకుండా గ్రంథాలయానికో ఆటస్థలానికో వెళ్ళాలని, అన్నీ బాగానే రాశారు. మూడో పేజీలో ఒకచోట, మీరు ఏమి తింటారో ఏమి తినరో ఇంటివాళ్ళకు ముందే చెప్పండి అని ఒక్క వరుస ఉంది. అక్కడ నా వేలు ఆగిపోయింది.

సాయంత్రం మనవరాలు వచ్చి, "నానమ్మా, నువ్వు గూడ పిల్లలకు గదులు కిరాయికిచ్చినవు గదా, గిండ్ల రాయనిది ఇంకేమన్న ఉంటే చెప్పు" అని అడిగితే, తర్వాత చెప్తానులే అని వంటింట్లోకి వెళ్ళిపోయాను. చెప్పవలసింది ఉంది. ఇరవై ఏళ్ళుగా ఉంది.

అప్పట్లో మేము భద్రాచలంలో ఉండేవాళ్ళం. మా ఆయన లారీ మీద పోయేవాడు, నెలలో సగం రోజులు ఇంట్లో ఉండేవాడు కాదు. ఇంటి వెనక రెండు రేకుల గదులు వేసి, టీచర్ ట్రైనింగు చదివే ఆడపిల్లలకు ఇచ్చేవాళ్ళం. రెండు పూటలా వంట కూడా నాదే. మీలో కూడా ఇలా పిల్లలను పెట్టుకున్నవాళ్ళు ఉంటే మీకు తెలుస్తుంది, గది ఇవ్వడం పని కాదు, కొత్తగా వచ్చిన పిల్లకు ఊరు నేర్పడమే పని. ఇప్పుడు కాలేజీ వాళ్ళు అచ్చు వేసి ఇచ్చేదంతా అప్పుడు నేను నోటితోనే చెప్పేదాన్ని. కోతులు తలుపు తీయడం నేర్చుకున్నాయి గనుక లోపల ఉన్నా గొళ్ళెం వేసుకోవాలి, నల్లా తెల్లవారకముందే వచ్చి పోతుంది గనుక రాత్రే బిందెలు కడిగి వరుసలో పెట్టాలి, వానాకాలం గోదావరి పెరుగుతోందని వినగానే ముందు పుస్తకాలు అటక మీదికి ఎక్కించి ఆ తర్వాతే బట్టల సంగతి చూసుకోవాలి, పండుగ రద్దీలో బస్టాండు వైపు కాకుండా వెనక సందుల్లోంచి నడవాలి అని. ఆదివారం సాయంత్రాలు నేనే వాళ్ళను కరకట్ట మీదికి తీసుకుపోయేదాన్ని. ఉడికించిన పల్లీలు కొనుక్కుని నీళ్ళవైపు కాళ్ళు వేలాడేసి కూర్చుంటే, వారమంతా ఇంటిమీద బెంగపెట్టుకున్న పిల్లలు కూడా మాటల్లో పడేవాళ్ళు. డిసెంబరు వస్తే మా చర్చివాళ్ళతో ఇల్లిల్లూ తిరిగి పాటలు పాడడానికి అందరూ బయలుదేరేవాళ్ళు. మా గదుల్లో ఉన్న పెనుబల్లి పిల్ల గుడికి పోయే పిల్లే అయినా పాటలన్నీ అందరికంటే ముందు దానికే వచ్చేవి.

నేను చెప్పబోయే ఏడు మా గదుల్లో ముగ్గురు ఉన్నారు. పెనుబల్లి పిల్ల, ఇల్లందు పిల్ల, పినపాక పిల్ల. పేర్లు రాయను, మా ఇంట్లో వాళ్ళను అలాగే పిలుచుకునేవాళ్ళం. పినపాక పిల్లది ఆ మండలంలో అడవి లోపలికున్న కోయ గూడెం. మాట తక్కువ, కళ్ళు మాత్రం అన్నీ చూసేవి. వచ్చిన నెలలోనే, నేను చర్చిలో పాటల పుస్తకం తెరిచి పట్టుకుంటానే గాని చదవనని కనిపెట్టింది. నాకు అప్పటికి నలభై దాటాయి. చిన్నప్పుడు బడి ముఖం చూడలేదు. పాటలన్నీ నోటికి వచ్చు గనుక ఎవరికీ తెలిసేది కాదు. పుస్తకం తలకిందులుగా పట్టుకున్నానేమోనని పక్కావిడ పుస్తకం వంక చూసి సరిచేసుకునేదాన్ని. ఈ సంగతి ఆ పిల్ల ఎవరితోనూ అనలేదు. ఒకరోజు పొయ్యి దగ్గరికి వచ్చి, తనకు పాఠం చెప్పడం అలవాటు కావాలనీ, వినేవాళ్ళు ఎవరూ లేరనీ, నన్ను కూర్చోమనీ అడిగింది. సాయం నేను చేస్తున్నట్టుగా అడిగింది. అప్పటి నుంచి సాయంత్రం అన్నం ఉడికేలోపు వంటింటి తలుపే పలక. ఇల్లందు పిల్ల మాత్రం ఊరుకునేది కాదు, "అక్కా, నిన్న ఇచ్చిన అక్షరాలు దిద్దినవా, లేకుంటే గోడకుర్చీ ఏపిస్త" అని తలుపు సందులోంచి ఆటపట్టించేది.

మాఘం దాటి మామిడి పిందె పట్టిన రోజుల్లో ఆ పిల్ల నాకు ఒక మాట చెప్పింది. వాళ్ళ ఊళ్ళో కొత్తల పండుగ చేసి, ఊరి దేవతైన తల్లి ముందు పెట్టేదాకా ఆ ఏటి మామిడికాయ ఎవరూ ముట్టరట. ఊళ్ళో ఉన్నా, బయట ఉన్నా అంతే. కిందటేడు కాయ అయితే ఫరవాలేదట, దానికి పండుగ అయిపోయింది కదా. నేను చర్చికి పోయే మనిషిని, ఇలాంటివంటే లోలోపల నవ్వుకునేదాన్ని. పైకి మాత్రం పెద్దగా ధైర్యం చెప్పాను. మా ఇంట్లో పోయిన వేసవిలో ఎండబెట్టిన మామిడి ఒరుగులు జాడీ నిండా ఉన్నాయి, ఇవన్నీ నీకే, మీ పండుగ దాకా వేరే ఎవరికీ తీయను అన్నాను. ఆ సంతోషంలో ఆ పిల్ల ఒక చీటీ మీద పోయినేటి ఒరుగులు అని పెద్ద అక్షరాలతో రాసి, మెతుకులతో జాడీకి అంటించి, నా చేత చదివించింది. పాటల పుస్తకం కాకుండా, నోటికి రాకుండా, కళ్ళతో చూసి నేను చదివిన మొదటి మాట అదే. ఆ తర్వాత మిగతా ఇద్దరికీ కొత్త మామిడికాయ పప్పు, ఆ పిల్లకు వేరే గిన్నెలో ఒరుగుల పప్పు. ఒరుగులు నాని ఉడికాక ఆ వాసనకు పుస్తకం మూసి వచ్చేసేది.

ఈస్టరుకు మా ఆడబిడ్డ ఖమ్మం నుంచి వచ్చింది. మా ఆడబిడ్డ సంగతి చెప్పాలంటే, ఆమె మెచ్చుకున్న వస్తువు ఆమెతో పాటు పోవలసిందే, అది మా ఇంటి ఆనవాయితీ. ఒరుగుల పప్పు తిని, ఈ రుచి ఖమ్మంలో ఎక్కడిదమ్మా అన్నది. వదిన మెచ్చుకున్నదన్న సంబరంలో నేను జాడీ బోర్లించి మూట కట్టి ఇచ్చేశాను. అడుగున ఒక పిడికెడు పొడి మిగిలింది. ఆ క్షణాన ఆ పిల్ల గుర్తు రాలేదంటే అబద్ధం. వచ్చింది. పండుగ ఇంకెన్నాళ్ళులే, అందాకా చింతపండు పప్పుతో నడిపించవచ్చులే అనుకున్నాను.

ఆ ఏడు వాళ్ళ ఊళ్ళో ఒక పెద్దాయన పోయాడని పండుగ వెనక్కి జరిపారు. పరీక్షలు నాలుగు రోజుల్లో ఉన్నాయనగా ఆ పిల్ల వంటింటి గడప మీద కూర్చుని, పరీక్ష మొదలయ్యే రోజు ఒరుగుల పప్పు చేసి పెట్టమని అడిగింది. ఎప్పుడూ ఏదీ నోరు తెరిచి అడగని పిల్ల. అయిపోయాయమ్మా, మా ఆడబిడ్డకు ఇచ్చేశాను, తప్పయింది అంటే సరిపోయేది. ఏమీ అనేది కాదు. చింతపండు చారు పోసుకుని తిని వెళ్ళి పరీక్ష రాసేది. ఆ ఇంట్లో చింతపండుకు ఎన్నడూ కరువు లేదు. కాని మాట ఇచ్చి నిలుపుకోలేదని ఆ పిల్ల ముందు ఒప్పుకోవడానికి నాకు నోరు రాలేదు. అక్షరాలు నేర్పిన పిల్ల ముందు చిన్నబోవడం నాకు ఇష్టం లేకపోయింది. చేస్తానులే అన్నాను.

మరునాడు గాలికి రాలిన కొత్త కాయలు ఏరుకొచ్చి, సన్నగా ముక్కలు తరిగి, ఉప్పూ పసుపూ కలిపి పక్కింటివాళ్ళ డాబా పైన ఎండబెట్టాను. భద్రాచలం ఎండ మీకు తెలుసు, రెండు రోజుల్లో గలగలలాడాయి. అయితే పాతవాటి నలుపు రాలేదు. చింతపండు రసంలో ముంచి మళ్ళీ ఎండేశాను. ఇంత పని తొందరపాటులో చేసిందని అనడానికి లేదు. మూడు రోజుల పాటు, ఒళ్ళు తెలిసి చేసిన పని. ఆ ముక్కలు జాడీలో పోసి, అడుగున మిగిలిన పొడితో కలియబెడుతుంటే ఎదురుగా చీటీ కనబడింది. పోయినేటి ఒరుగులు. ఇప్పుడు నేను దాన్ని చదవగలను. చదువు రానన్నాళ్ళు నేను ఆడిన అబద్ధాలన్నీ నోటితో ఆడినవే. రాసి ఉన్న మాటను అబద్ధం చేయడం నాకు చదువు వచ్చాకే చేతనైంది.

ఎండిన కాయకు కొత్తేమిటి పాతేమిటి, దేవుడు చూసేది మనసును గాని పప్పు గిన్నెను కాదు అని నాకు నేను సర్దిచెప్పుకున్నాను. పిల్ల కడుపునిండా తిన్నది. పరీక్షలు జరిగిన ఆరు రోజులూ అదే పప్పు వండించుకుని తిన్నది.

పరీక్షలయ్యాక పండుగకు రమ్మని నన్ను వెంటబెట్టుకుని వాళ్ళ ఊరికి తీసుకుపోయింది. రానని ఎంతో చెప్పి చూశాను. బస్సు దిగి, చెట్ల మధ్య దారిలో చాలాదూరం నడిచి వెళ్ళేసరికి ఆడవాళ్ళంతా బుట్టల్లో కాయలు పెట్టుకుని సిద్ధంగా ఉన్నారు. వాళ్ళమ్మ బక్కపలచని మనిషి, తెలుగు పెద్దగా రాదు. కూతురి చెయ్యి పట్టుకుని వాళ్ళ భాషలో ఏదో అడిగింది, కూతురు జవాబు చెప్పింది, ఆమె నావైపు తిరిగి నా రెండు చేతులూ తీసుకుని తన కళ్ళకు అద్దుకుంది. ఏమంటున్నారని అడిగాను.

"పట్నంల ఉన్నవు గదా, కొత్త కాయ ముట్టినవా అని అడిగింది అక్కా. లేదు, మా అక్క పాతయి దాచిపెట్టి నాకు వేరేగ వండింది అని చెప్పిన" అన్నది.

అప్పుడైనా చెప్పవలసింది. ఇంకా కాయ ముక్కలు చేయలేదు, తల్లి ముందు పెట్టలేదు, ఏమన్నా దిద్దుకోవలసిన పద్ధతి ఉంటే దిద్దుకునేవాళ్ళు. ఆ పిల్ల తేట ముఖంతో వెళ్ళి, అందరితో పాటు తన బుట్ట తల్లి ముందు దించింది. నేను చెట్టుకింద నిలబడి చూశాను.

పూజ అయ్యాక అందరికీ కోసిన ముక్కలు పంచుతున్నారు. నాకు లోపల ఇంకో బెదురు పట్టుకుంది. దేవత ముందు పెట్టినది మేము తినము. ఇంతమంది ముందు వద్దంటే ఏమనుకుంటారో, తింటే మా పాస్టరుగారికి ఏమని చెప్పుకోవాలో తోచలేదు. అంతలో వాళ్ళమ్మ ఆకు మూసిన వేరే చిన్న బుట్ట ఒకటి తెచ్చి నా ముందు పెట్టింది.

"గియ్యి తల్లి ముందట పెట్టనియి అక్కా. మీరు తినరని నేనే చెప్పిన. వాటిల గియ్యి కలవకుండ మా అమ్మ పొద్దటిసంది బుట్ట కాడ్నే కూసున్నది" అన్నది పినపాక పిల్ల.

ఆ కాయ ఎలా ఉందో, పుల్లగా ఉందో తియ్యగా ఉందో నాకు ఇప్పటికీ గుర్తు లేదు. నమిలాను, మింగాను. నా భాష రాని మనిషి, నా ముఖం అంతకుముందు చూడని మనిషి, నేను తినేదాంట్లో తమది ఒక్క ముక్క కలవకూడదని పొద్దున్నుంచి కాపలా కూర్చుంది. మనసును చూస్తాడని నేను సాక్ష్యానికి పిలుచుకున్న దేవుడు అప్పుడు నా మనసు చూసే ఉంటాడు.

ఎవరికీ ఏ కీడూ జరగలేదు. పిల్ల పాసైంది, వాళ్ళ వైపే బళ్ళో టీచరైంది. కీడు జరగలేదు గనుక చెప్పవలసిన అవసరం ఎప్పుడూ రాలేదు, నా మీద బరువూ దిగలేదు. వాళ్ళమ్మ పోయి ఏళ్ళయింది. ఆమెకు ఇక చెప్పలేను. ఏటా వేసవిలో బస్సు మీద ఒక బుట్ట వస్తుంది, పైన చీటీ ఉంటుంది, పండుగ అయింది అక్కా, తినండి అని. ఆ చీటీ వచ్చేదాకా నేను కొత్త మామిడికాయ ముట్టను. పళ్ళు పులుస్తాయేమోనని మా ఇంట్లోవాళ్ళు అనుకుంటారు.

ఇప్పుడు గదుల పద్ధతి మారింది. మనవరాలి గది చూసి వచ్చాను. ఎవరి తలుపు వారిది, ఫోను నొక్కితే ఎవరికి కావలసిన అన్నం వాళ్ళ గుమ్మంలోకి వస్తుంది, ఇంటావిడకు మేడ మీది పిల్లల ఊరేదో కూడా తెలియదు. ఆదివారం వాళ్ళను ఏటి ఒడ్డుకు తీసుకుపోయేవాళ్ళు లేరు, అన్నం ఉడికేలోపు వంటింటి తలుపు మీద అక్షరాలు దిద్దించేవాళ్ళూ లేరు. నాకది లోటుగా తోస్తుంది. వెంటనే, ఒకరి నమ్మకం ఉన్న గిన్నెలో ఇంకొకరు చెయ్యి పెట్టే వీలు కూడా లేదు కదా అనిపిస్తుంది. ఆ రెండిట్లో ఏది మేలో చెప్పేంత మంచిదాన్ని కాను.

మనవరాలికి మాత్రం ఇవాళ జవాబు చెప్పాను. నీ గదిలో నీతో ఉండే పిల్ల ఏదైనా తినను అంటే ఎందుకని అడుగు, ఆమె చెప్పింది నీకు నవ్వొచ్చినా సరే అలాగే నడుచుకో, నడుచుకోలేకపోతే ఆ పూటే చెప్పెయ్యి, మర్నాటికి ఉంచకు అన్నాను.

నేను ఏది రాసినా తప్పులు దిద్దేది పినపాక పిల్లే. ఫోటో తీసి పంపితే ఎర్రగీతలు పెట్టి పంపుతుంది, ఇప్పటికీ నన్ను విద్యార్థిని కిందే చూస్తుంది. ఈ కాగితాలు కూడా ఆమెకే వెళ్తున్నాయి. ఈసారి దిద్దమని కాదు. చదవమని.