గిన్నె మడతలో బూడిద

ఒక రాగి గిన్నె ఇన్నేళ్లుగా నా గొంతుకు అడ్డం పడి ఉంది. మింగలేను, కక్కలేను. నాకు అక్షరాలు వచ్చింది ఏభై దాటాక. అవి వచ్చాక ఇది రాయకపోవడానికి ఇంక సాకు లేకుండా పోయింది. మీరెవరో నాకు తెలియదు. అదే మేలు. వినండి.

కర్నూలు రాజధానిగా ఉన్న రోజులవి. ఒక కాలేజీలో ఊడ్చే పని నాది. వెనక గదిలో సైన్సు సారూ, గాజు ఊదే మస్తానూ కలిసి రాడార్ గొట్టం లాంటిదొకటి చేస్తుండేవారు. అదేమిటో మస్తానే చెప్పాడు. లోపల ఒక కొస నుంచి ఎలక్ట్రాన్లు దూసుకొస్తాయట. దారిలో కాస్త శక్తిని రేడియో అలలకు ఇచ్చి, మిగిలిందంతా చివరనున్న రాగి గిన్నెకు కొట్టుకుని ఉత్త వేడిగా పోగొడతాయట. దిగుడులో ఉరికొచ్చే బండి ఎదురు మిట్ట తగిలితే నిదానిస్తుంది కదా, అలాగే గిన్నె దగ్గర వాటిని నిదానింపజేస్తే ఆ మిగిలిన శక్తి మళ్లీ కరెంటుగా చేతికొస్తుందట. నాకు అర్థమైంది. అర్థం కానట్టు ఎన్నాళ్లు నటించాను!

ఆ గిన్నెను కడిగి, కాల్చి, గాజు మూత కింద పెట్టారు. మూత మీద కాగితం అంటించారు. 'ముట్టరాదు' అని మస్తాను నాకు చదివి వినిపించాడు. చేతి జిడ్డు అంటినా చాలు, వేడికి ఆవిరై గొట్టమంతా చెడుతుందన్నాడు.

మరి ఎందుకు ముట్టాను? కాల్చినందుకేమో, గిన్నె మీద నల్లమచ్చ ఉంది. రాగి మీద మచ్చ చూసి ఊరుకునే ఆడది మా వైపు ఉండదు. ఇంత చదివిన మగవాళ్లకు ఒక గిన్నె తోమడం రాదే అని విసుక్కున్నాను. చింతపండు, బూడిద పెట్టి తోమి, కడిగి, కొంగుతో తుడిచి, మూత కింద పెట్టేశాను. సారు మళ్లీ కడిగాడని మస్తాను, మస్తాను కడిగాడని సారు అనుకున్నారు. అలాగే గొట్టంలో బిగించేశారు.

మద్రాసు నుంచి పెద్దలు చూడవచ్చిన రోజు గొట్టంలో ఊదారంగు వెలుగు లేచి, గొట్టం చెడి ఆరిపోయింది. వాళ్లు వెళ్లాక పగలగొట్టి చూస్తే, గిన్నె అంచు మడతలో చిటికెడు బూడిద.

"ఎవరప్పా తోమింది? పెండ్లి చెంబు మాదిరి మెరుస్తాండాదే!" అన్నాడు సారు.

"నేను తోమలే సార్. మీరే అనుకుంటి."

"నేనా? ఇంట్లో చెంబు గూడా తోమినోన్ని గాదే!" సారు నా వైపు తిరిగాడు. "ఏమ్మా, నువ్వేమన్నా ముట్టినావా?"

"నాకేం తెల్సు సార్, సదువు రానిదాన్ని. ఊడ్సి పోయేదాన్ని."

మస్తాను నన్నొకసారి చూశాడు. బూడిద ఎవరి చేతిదో తెలియనివాడా? "పోనీ సార్, నేనే ఏమరుపాటున ఉంటినేమో" అన్నాడు.

ఆ మాటకు ఇప్పటికీ ఒళ్లు మండుతుంది. ఎవరడిగారు అతన్ని? నా వైపు వేలు చూపి ఉంటే నేను నాలుగు తిట్టి, నాలుగు ఏడ్చి, ఆ పూటకే తేలిపోయేదాన్ని కదా? చూశారా, నా తప్పుకు మళ్లీ అతన్నే తిడుతున్నాను.

మస్తానును తీసేశారు. సారు ఆ పని మళ్లీ ఎత్తుకోలేదు. కొన్నేళ్లకు మైదుకూరు బస్టాండులో మస్తాను కనిపించాడు. లాంతర్లు బాగుచేస్తున్నాడు. గాజును నిప్పు మీద పూవులా విప్పే చేతులు మసికొట్టుకుని ఉన్నాయి. "బాగుండావా అక్కా?" అన్నాడు. "బాగుండా" అన్నాను. బస్సెక్కాను. ఇంకో రెండు మాటలు చెప్పడానికి దిగి రావచ్చు, బస్సు ఎంతసేపో కదలకుండా నిలబడే ఉంది.

ఆ కాగితం చదవలేకపోయానన్నది నిజం. తెలియదన్నది అబద్ధం. ముట్టకూడదని తెలిసే ముట్టాను. గిన్నె తోమింది నేను, మస్తాను కాదు.

ఇంతే. ఇంత చిన్న మాటకు ఇన్నేళ్లు.